పాట, పాత: మన పిల్లల చెవికి తేడా తెలుస్తోందా?

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇది. ఇక్కడే పుట్టిన మావాడు ‘పాట’ అన్నా ‘పాత’ అన్నా ఒకేలా వినిపిస్తుంది. నాలుక బద్ధకం కాదది. మన ‘త’కి నాలుక పళ్లకి తగలాలి, ‘ట’కి వెనక్కి మడవాలి. అమెరికన్ ‘టీ’ ఆ రెంటికీ మధ్యలో, చిగుళ్ల దగ్గర పలుకుతుంది.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీ త, ట శబ్దాలతోనే పరీక్ష చేశారు. ఇంగ్లీషు ఇళ్లలోని ఆరేడు నెలల పిల్లలు తేడా పట్టేశారు. ఏడాది దగ్గర పడేసరికి చాలామందికి అది పోయింది.

మరి యూట్యూబ్ పెడితే సరిపోదా? 2003లో సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి మాండరిన్ వినిపించింది. నాలుగు వారాల్లో 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు, అంతే! ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే శబ్దాలు పట్టుబడ్డాయి. వీడియో చూసినవాళ్లకి ఏమీ అంటలేదు.

షిఫ్ట్ దిగి అలిసొచ్చినా, స్నానం చేయిస్తూ కాసేపు తెలుగులో మాట్లాడండి. “ఎట్లున్నవ్ బిడ్డా” అన్నా, “ఎట్టుండావు నాయనా” అన్నా సరే. త, ట తేడా రెండు యాసల్లోనూ ఉంది, టీవీ తెలుగే కానక్కర్లేదు. పిల్లలు పెద్దయిపోయుంటే పాట–పాత, మాట–మాత జంటలు ముందు వినిపించి, తర్వాత పలికించండి. నెమ్మదిగానైనా వస్తుంది.