వెన్ను వంపు వెంట సాగే తీగ

కండరాలన్నీ తీసేసి ఎముకలు, డిస్కులు, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు మాత్రమే మిగిలిస్తే వెన్నెముక ఎంత బరువు మోస్తుంది? 1961లో కాలిఫోర్నియాలో లూకాస్, బ్రెస్లర్ కొలిచి చూశారు. అడుగు బిగించి పై కొసన బరువు మోపితే సుమారు 20 న్యూటన్ల దగ్గరే అది ఒరిగిపోయింది. అంటే రెండు కిలోలు. మన తల ఒక్కటే నాలుగైదు కిలోలుంటుంది!

తరగతిలో ఈ సంగతి చెబుతుంటే ఒకమ్మాయి లేచి అడిగింది: "కండరాలు పట్టుకుంటాయంటున్నారు గదా సార్, అవి లాగేది కూడా కిందికేగా? బరువు ఇంకా పెరిగినట్టేగా? మరి ఇంకా తొందరగా పడిపోవాలి గదా!"

ఎంత పదునైన ప్రశ్న! స్వీడన్‌లో నాకెమ్సన్ 1960లలో బతికున్న మనుషుల డిస్కుల్లోకి పీడనం కొలిచే సూది దించి చూశాడు. ఊరికే నిలబడ్డప్పుడే నడుము డిస్కు మీద సుమారు 500 న్యూటన్లు పడుతున్నట్టు తేలింది. ప్రయోగశాలలోనేమో నడుము భాగం మొత్తాన్ని నిలబెట్టి నిట్టనిలువుగా 100 న్యూటన్లు మోపితే చాలు, దాని వంపు చెడిపోతుంది. అందుకే చాలామంది పరిశోధకులు ఒకటి రెండు పూసల జతలతోనే సరిపెట్టుకునేవారు.

ఈ ముడి విప్పిన పరికరం షికాగో ప్రాంతంలోని లయోలా విశ్వవిద్యాలయంలో అవినాశ్ పట్వర్ధన్ బృందానిది. 1999లో ప్రచురించారు. ప్రతి పూసకూ కుడి ఎడమల ఒక్కో గైడ్ బిగించారు. పై పూస దగ్గర మొదలైన రెండు తీగల్ని ఆ గైడ్లలోంచి కిందికి దింపి బరువులు వేలాడదీశారు. అంతే. అసలు తెలివంతా గైడ్ల అమరికలో ఉంది. వాటిని ముందుకూ వెనక్కూ జరపొచ్చు. తీగ ప్రతి పూస తిరిగే కేంద్రానికి దగ్గరగా పోయేదాకా అలా జరిపి సరిచూసుకున్నారు.

నిట్టనిలువు బరువుతో వచ్చే చిక్కేమిటంటే, వెన్ను కాస్త జరగ్గానే బరువు గీతకూ పూసకూ మధ్య ఎడం పడుతుంది. బరువును ఆ ఎడంతో గుణిస్తే వచ్చేదే వంచే భ్రామకం. అది వెన్నును ఇంకొంచెం వంచుతుంది, దాంతో ఎడం పెరుగుతుంది, భ్రామకమూ పెరుగుతుంది. కూలిపోయేదాకా ఇదే వరస. తీగతో ఈ వరస మొదలే కాదు. పూస జరిగితే గైడ్ జరుగుతుంది, గైడ్ వెంట తీగా జరుగుతుంది. ఎడం ఎప్పుడూ సున్నాకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి డిస్కు మీద నొక్కుడే పడుతుంది, వంచే బలం దాదాపు పడదు. 100 న్యూటన్లకే చెడిన వంపు ఈ తీగల కింద 1200 న్యూటన్ల దాకా నిలిచింది!

దీన్ని బల్ల మీదే చూడొచ్చు. ఖాళీ దారపు రీళ్ళ మధ్య స్పాంజి బిళ్ళలు పేర్చి, ప్రతి రీలుకూ రెండు పక్కలా చిన్న కొక్కేలు బిగించి పురికొస దూర్చండి. అరచేత్తో పైనుంచి నొక్కితే దొంతర పక్కకు తన్నుకుపోతుంది. పురికొసల్ని కిందికి లాగితే బిర్రబిగుసుకుని నిలబడుతుంది. కొక్కేల్ని నడిమి నుంచి కాస్త వెనక్కి మార్చి లాగితే మాత్రం దొంతర వెనక్కి వంగుతుంది. పిల్లలు ఎక్కువసేపు ఆడుకున్నది ఈ చివరిదానితోనే.

ఆ అమ్మాయి అనుమానానికి జవాబు ఈ రీళ్ళ దొంతరలోనే ఉంది. కండరాలు లాగితే బరువు పెరిగేమాట నిజమే. ఆ లాగుడు వంపు వెంట సాగితే వెన్ను దాన్ని ఓర్చుకుంటుంది. పూస నుంచి పూసకు పాకే మల్టిఫిడస్ లాంటి కండరాలు ఈ పని చేయగలవని కంప్యూటర్ నమూనాలు చూపాయి. బతికున్న ఒంట్లో అవి ఎంత కచ్చితంగా ఆ దారి పడతాయన్న వాదన ఇంకా తెగలేదు. వెన్నును అంటిపెట్టుకుని అవి అల్లుకున్న తీరు చూస్తే నాకైతే నమ్మకం కుదురుతుంది. ఏ కండరం ఎంత లాగాలో నరాలు క్షణక్షణం చెబుతుండాలి. ఎముకలు-లిగమెంట్లు, కండరాలు, నరాలు మూడూ కలిస్తేనే వెన్ను నిలకడ అని యేల్‌లో మనోహర్ పంజాబీ 1992లోనే రాశాడు.

తర్వాత ఈ తీగల పద్ధతి మెడకూ వచ్చింది. కృత్రిమ డిస్కుల్ని పరీక్షించే చాలా చోట్ల ఇప్పుడు ముందు తీగల బరువు పెట్టి, ఆ తర్వాతే వెన్నును ముందుకూ వెనక్కూ వంచి చూస్తున్నారు. బరువు లేనప్పుడు వదులుగా ఊగే పూసలు దాని కింద బిగుసుకుంటాయి మరి.