కరెంటు పోతే నెట్టు ఎందుకు పోవాలె?

ఎండాకాలం పొద్దుమూకి గాలి దుమారం లేసిందంటే ముందుగాల కరెంటు పోతది, దాని ఎన్కనే నెట్టు పోతది. ఒకప్పుడైతే ఫ్యాను, టీవీ బంద్ అయితుండె, అంతే. ఇప్పుడట్ల కాదు. కౌన్సెలింగ్‌ల వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లలకు గడువు ఆగదు. ఇంటికాడ్నుంచి కొలువు చేసేటోళ్లకు మీటింగు ఆగదు. ఆన్‌లైన్ పరీక్ష నడుమల లైను తెగితే ఆ పిల్లల గోస చెప్పనలవి కాదు.

కానీ కరెంటుతోటి నెట్టు పోవాలన్న రూలేం లేదు. ఇంటికొచ్చే ఫైబర్ అంటే గాజు పోగు. దాంట్ల ఉరికేది వెలుతురు. తొవ్వల ఒక్క లైనును పది ఇండ్లకు పంచే స్ప్లిటర్‌కు సుత కరెంటు అక్కర్లేదు. కరెంటు కావాల్సింది రెండు కొసలకే. ఒకటి మన ఇల్లు, ఇంకోటి నెట్టు ఇచ్చేటోళ్ల ఆఫీసు.

మన కొస సంగతి అల్కటిదే. రౌటర్ అడాప్టర్ మీద చూడుండ్రి, అవుట్‌పుట్ 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటది. అంటే మస్తుగ తిన్నా 12 వాట్లే, ఒక ఎల్‌ఈడీ బల్బు లెక్క. ఇంట్ల ఇన్వర్టర్ ఉంటే రౌటర్ సాకెట్ ఆ లైను మీద ఉందో లేదో చూసుకోవాలె. చానా ఇండ్లల్ల ఫ్యాన్లు, లైట్లకే ఇన్వర్టర్ లైను గుంజుతరు. ఉన్నా సరే, కరెంటు మారే ఆ రెప్పపాటుల రౌటర్ ఆగి మల్ల మొదలైతే రెండు మూడు నిమిషాలు గాయబ్. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ ఉంటే అది పెట్టుకుంటే ఈ తిప్పలు తగ్గుతది.

ఇన్వర్టర్ లేనోళ్లకు మినీ యూపీఎస్ చాలు. అడాప్టర్‌కు, రౌటర్‌కు నడుమల పెట్టే చిన్న బ్యాటరీ డబ్బా ఇది. కొనేటప్పుడు రెండు ముచ్చట్లు యాదికుంచుకోవాలె. మొదటిది, వోల్టులు అడాప్టర్ మీద ఉన్నవే ఉండాలె, ఆంపియర్లు అంతకు తక్కువ కావొద్దు, పిన్ను సరిగ్గ కూసోవాలె. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు ఇస్తే కాలిపోవచ్చు. రెండోది, డబ్బా మీద 8,000 ఎంఏహెచ్ అని ఉంటే మురిసిపోవద్దు. అది సాధారణంగ లోపలి 3.7 వోల్టుల సెల్లుల లెక్క. గుణిస్తే 30 వాట్-అవర్లకు కొంచెం తక్కువ. వోల్టులు పెంచుట్ల కొంత పోంగ 25 మిగుల్తదనుకుందాం. 8 వాట్లు తినే రౌటర్ మూడు గంటల దాకా నడుస్తది.

ఇంకో మతలబు ఉంది. కొన్ని ఇండ్లల్ల ఫైబర్ డబ్బా వేరు, వైఫై రౌటర్ వేరు. ఒక్కదానికే బ్యాటరీ పెడితే ఫోన్ల వైఫై గీతలు నిండుగ కనవడ్తయి, నెట్టు మాత్రం రాదు. రెండింటికీ పెట్టాలె. రెండూ కలిసి తింటయి గన్క మూడు గంటలు కాస్త గంటన్నర అయితది. బ్యాటరీని వేడెక్కే రౌటర్ మీద పెట్టొద్దు. ఉబ్బినట్టు కనవడితే ఇగ వాడొద్దు.

ఇంత చేసినా నెట్టు రాకుంటే? ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు చూడుండ్రి. మన డబ్బా నడుస్తుండంగ అది వెలిగిందంటే మనదాకా వెలుతురు వస్తలేదన్నట్టు. తీగ తెగి ఉండాలె, లేకుంటే అవుతలి కొసల కరెంటు పోయి ఉండాలె. గల్లీలల్ల కొందరు కేబుల్ ఆపరేటర్లు స్తంభానికో, ఎవరి బంగ్లా మీదనో స్విచ్ డబ్బా పెట్టి లైన్లు పంచుతరు. దానికి బ్యాటరీ లేకుంటే మన ఇంట్ల ఎన్ని యూపీఎస్‌లు పెట్టినా దండుగే.

అందుకే మినీ యూపీఎస్ కొనకముందే ఆపరేటర్‌ను ఒక్క మాట అడుగుండ్రి. "అన్నా, గల్లీల కరెంటు పోతే మీ డబ్బా ఎంతసేపు నడుస్తది?" అని. కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడు ఎంత అని అందరం అడుగుతం, ఈ మాట ఎవ్వలం అడగం. మన కొస మనం చూసుకుంటం. నెలనెలా బిల్లు తీసుకునేటోళ్లు వాళ్ల కొస చూసుకోవాలె గదా.