హైవే పక్కన సైకిలుకు దారి



సాయంకాలం బడి గంట కొట్టిన తరువాత ఒకసారి పేరేసంద్ర దగ్గరో, బాగేపల్లి దగ్గరో హైవే పక్కన నిలబడి చూడండి. తెల్ల గీతకు ఇవతల, ఆగిన లారీలను తప్పించుకుంటూ పిల్లలు సైకిళ్ళ మీద వస్తుంటారు. కొందరు వాహనాలకు ఎదురుగానే వస్తారు. అలా ఎదురు వచ్చిన ఒక ఎనిమిదో తరగతి అమ్మాయిని నేనొకనాడు కోప్పడ్డాను. ఆ పిల్ల తల వంచుకునే అడిగింది: "మా ఊరూ బడీ రోడ్డుకు ఒకే పక్కన ఉండాయి గదా సార్. నేను సరైన పక్కన పోవల్లంటే హైవేను రెండుసార్లు దాటల్ల. ఏది మేలు?"

లెక్కల మాస్టారును గనుక ఆ రాత్రి లెక్క వేసి చూశాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. సైకిలును తోసుకుంటూ ఒక వైపు రెండు వరుసలు, అంటే 7 మీటర్లు, దాని పక్క అంచు కూడా దాటాలంటే పిల్లకు దాదాపు 8 సెకన్లు పడుతుంది. ఆ కాసేపట్లో లారీ 180 మీటర్ల దూరం నుంచి వచ్చి మీద పడుతుంది. అంత దూరాన ఉన్న లారీ పిల్ల కళ్ళకు ఇంకెక్కడో ఉన్నట్టే కనిపిస్తుంది. ఇలా నడి డివైడరు దాకా ఒకసారి, అక్కణ్ణుంచి ఇంకొకసారి. తిరిగి ఇవతలికి రావడానికి మళ్ళీ అంతే. ఇంత లెక్క తెలిశాక ఆ పిల్లను కోప్పడటానికి నాకు నోరు రాలేదు.

డివైడరు వేసినవారిది తప్పనటం లేదు. ఎదురెదురు ఢీకొట్టడాలను ఆపడానికే దాన్ని వేశారు. ఈ రోడ్డు 7వ నంబరుగా ఉన్న రోజుల్లో సందు చూసుకొని ఎక్కడైనా దాటేవాళ్ళం. 2010లో నంబర్లు మార్చిన తరువాత అది 44 అయింది. రోడ్డు నాలుగు వరుసలైంది, దాటే చోట్లు మాత్రం దూరమైపోయాయి.

"అంచున పోవచ్చు గదా" అంటారు. ఆ అంచు చెడిపోయిన బండ్లు ఆగడానికి ఉంచినది. 2023 అక్టోబర్ 26 ఉదయం చిక్కబళ్ళాపురం దగ్గర ఇదే రోడ్డు మీద, పొగమంచులో, ఆగి ఉన్న ట్యాంకరును ఒక సుమో ఢీకొని పన్నెండు మందికి పైగా చనిపోయారు. దీపాలున్న వాహనానికే ట్యాంకరు కనిపించలేదంటే, దీపం లేని సైకిలు ఏ డ్రైవరుకు కనిపిస్తుంది?

కావలసింది తెగని సర్వీసు రోడ్డు. తెగని అన్న మాటే ముఖ్యం. ఊరి ముందు చక్కగా సాగిన సర్వీసు రోడ్డు వాగు వచ్చేసరికి, వంతెన ఖర్చు తప్పుతుందని, ఆగిపోతుంది. పిల్ల అక్కడ హైవే ఎక్కవలసిందే. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ మార్గంలో 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లతో పాటు సైకిళ్ళనూ నడి రోడ్డు మీదికి రావద్దన్నారు. వద్దనడం సబబే, కాని పక్క దారి తెగకుండా ఉన్నప్పుడే. అండర్‌పాసుల సంగతీ ఇంతే. వాన పడితే నీళ్ళు నిలిచే అండర్‌పాసు ఉన్నా లేనట్టే.

హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. పైన సౌర పలకల కప్పు కూడా ఉంది. పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవారికి అది బాగానే ఉంది. పాలక్యాను కట్టుకొని డెయిరీకి పోయే మనిషికి అంత సొగసు అక్కరలేదు, రెండు మీటర్ల తారు చాలు.

చింతామణి వైపు కథ వేరు. అక్కడి పల్లె దారుల్లో డివైడరు బాధ లేదు, తారు అంచు బాధ ఉంది. టమాటా టెంపో వెనకనుంచి హారను కొడితే సైకిలు మట్టిలోకి దిగుతుంది. తారుకూ మట్టికీ జానెడు ఎత్తు తేడా ఉంటే తిరిగి ఎక్కేటప్పుడు ముందు చక్రం అంచుకు ఒరుసుకొని మనిషి రోడ్డు మీదికే పడతాడు. మట్టి పోసి సమం చేస్తే సగం ప్రమాదం పోతుంది. దీనికి పెద్ద పథకం ఏమీ అక్కరలేదు.

సైకిల్ దారి అడగడానికి ఒక లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే నియమం రాసిపెట్టింది. గంటకు 200కు మించి మోటారు వాహనాలు పోయే చోట, రద్దీ గంటలో 100 సైకిళ్ళు ఉంటే వాటికి వేరే దారి వేయవచ్చని అది చెప్పింది. హైవే మీద 200 వాహనాలు ఎంతసేపట్లో పోతాయో మీకు తెలుసు. కర్ణాటకలో 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వమే సైకిళ్ళు ఇచ్చింది. కరోనా కాలంలో పంపిణీ ఆగినా, పెద్దపిల్లల సైకిళ్ళు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ వచ్చాయి. ఇక ఆ నూరు సైకిళ్ళు మన బడి దారిలో ఉన్నాయా లేదా అన్నది లెక్కపెడితే గాని తెలియదు.

బడి గంటకు ముందు అరగంట, తరువాత అరగంట, ఇద్దరు పెద్దవాళ్ళు రోడ్డుకు దూరంగా కూర్చొని గీతలు గీయండి. సైకిళ్ళకు ఒక కాగితం, మోటారు వాహనాలకు ఒక కాగితం. ఏ చోట దాటుతున్నారో, సర్వీసు రోడ్డు ఎక్కడ తెగిందో కూడా రాయండి. వారంలో మూడు రోజులు, సంత రోజు కాకుండా. ఆ కాగితాలను గ్రామసభ తీర్మానానికి జతచేసి, 44వ రోడ్డయితే జాతీయ రహదారుల ప్రాధికారానికి, తాలూకా రోడ్డయితే లోకోపయోగి శాఖకు పంపండి. ఈలోగా హైవే అంచున లారీ ఆగి కనిపిస్తే 1033కు ఫోను చేయండి. మా బడి ముందు లెక్క వచ్చే సోమవారం మొదలవుతుంది. మొదటి కాగితం మీద గీతలు గీసేది ఆ అమ్మాయి నాయన.