పస్తులుంటే క్యాన్సర్ పోతుందా?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలిసిన మర్నాటి నుంచే ఫోన్‌లో సలహాలు మొదలవుతాయి. వాటిలో ఒకటి మీకూ వచ్చే ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త ఒకాయనకు నోబెల్ వచ్చిందని, కడుపు మాడ్చుకుంటే శరీరం క్యాన్సర్ కణాలను తానే తినేస్తుందని దాని సారాంశం. నల్గొండలో మీ మేనత్తకు కీమో నడుస్తోంది అనుకోండి. మహబూబ్‌నగర్‌లోని బంధువు ఈ మెసేజ్ పంపి, అత్తయ్యకు కొన్నాళ్లు అన్నం మాన్పించి చూడమంటాడు. అతను చెడు కోరి చెప్పడు, ప్రేమ కొద్దీ చెబుతాడు. కాదనడానికి మీకు నోరు రాదు.

చిక్కేమిటంటే, ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది. నోబెల్ వచ్చిన మాట నిజం. శరీరంలోని కణం తన భాగాలను తానే తినడమూ నిజం. మిగిలిన సగాన్ని తెలుసుకోవాలంటే, ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేస్తున్న పరిశోధకులు ఏం చూశారో తెలియాలి.

కణానికీ కరువు వస్తుంది

పాలమూరు కరువు రోజులను పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. పంట లేని ఏడు ఇంట్లోని పాత ఇత్తడి బిందెలు, పనికిరాని సామాను అమ్ముకుని గింజలు తెచ్చుకునేవారు. మన కణమూ అదే చేస్తుంది. ఆహారం అందనప్పుడు పాడైన ప్రొటీన్లను, అరిగిపోయిన భాగాలను ఒక చిన్న సంచిలో మూటగట్టి లైసోజోమ్ అనే అరలోకి పంపుతుంది. అక్కడి ఆమ్లం, ఎంజైములు వాటిని విడగొడతాయి. వచ్చిన ముడిసరుకుతో కణం మళ్లీ బతుకుతుంది. ఈ పనికి 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డువ్ 'ఆటోఫజీ' అని పేరు పెట్టారు. తనను తాను తినడం అని దాని అర్థం.

ఇది ఏ జన్యువుల వల్ల జరుగుతుందో చాలాకాలం తెలియలేదు. టోక్యోలో యోషినోరి ఒసుమి ఈస్ట్ కణాలను పస్తు పెట్టి సూక్ష్మదర్శినిలో చూశారు. 1993 నాటికి ఆయన బృందం ఆటోఫజీకి అవసరమైన 15 జన్యువులను గుర్తించింది. ఆ పనికే 2016లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోండి. నోబెల్‌కు దారితీసిన ఆ ప్రయోగాల్లో పస్తులున్నది ఈస్ట్ కణాలు, క్యాన్సర్ రోగులు కాదు.

కావలివాడే దొంగకు తోడైతే

క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఉందని తేల్చినవారిలో అమెరికాకు చెందిన డాక్టర్ బెత్ లెవిన్ ముఖ్యులు. బెక్లిన్-1 అనే జన్యువు ఆటోఫజీని నడిపిస్తుందని, రొమ్ము క్యాన్సర్ కణాల్లో దాన్ని పెంచితే వాటి ఎదుగుదల తగ్గుతుందని 1999లో ఆమె బృందం చూపింది. ఆ జన్యువు సగమే ఉన్న ఎలుకల్లో కణితులు ఎక్కువగా వచ్చాయని 2003లో తేలింది. అంటే ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆటోఫజీ కావలివాడు. చెత్త పేరుకోకుండా చూస్తూ, కణం దారి తప్పకుండా కాపాడుతుంది.

కథ ఇక్కడితో ఆగితే మెసేజ్ చెప్పిందే నిజమయ్యేది. కానీ కణితి పుట్టి పెరిగాక సంగతి మారుతుంది. పెద్ద కణితి లోపలి భాగానికి రక్తం సరిగా అందదు. అక్కడ ఆక్సిజన్‌కూ ఆహారానికీ కరువే. ఆ కరువులోనూ క్యాన్సర్ కణం చావకుండా నిలబడటానికి వాడుకునేది ఆటోఫజీనే. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ వైట్ బృందం దీన్ని బయటపెట్టింది. కీమో మందు దెబ్బ తగిలినప్పుడూ కొన్ని క్యాన్సర్ కణాలు ఇదే దారిలో తప్పించుకుంటాయి. ఇంటికి కాపలా ఉన్నవాడే లోపల దూరిన దొంగకు అన్నం పెట్టినట్టు!

డాక్టర్ రవి అమరవాది పని

అలాంటప్పుడు క్యాన్సర్ కణానికి ఆ అన్నం అందకుండా చేస్తే? అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులకు చికిత్స చేస్తూ, ల్యాబ్‌లోనూ పనిచేస్తున్న డాక్టర్ రవి అమరవాది పరిశోధన అంతా ఈ ప్రశ్న చుట్టూనే సాగింది.

దానికి ఆయన వాడింది కొత్త మందేమీ కాదు. మలేరియాకు దశాబ్దాలుగా ఇస్తున్న క్లోరోక్విన్. అది లైసోజోమ్‌లోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది. దాంతో మూట అక్కడికి చేరినా అరగదు. లింఫోమా ఉన్న ఎలుకలకు క్యాన్సర్ చికిత్సతో పాటు క్లోరోక్విన్ ఇస్తే క్యాన్సర్ కణాలు ఎక్కువగా చనిపోయాయని, కణితి తిరిగి రావడం ఆలస్యమైందని 2007లో ఆయన, సహచరులు ప్రచురించారు.

తర్వాత మనుషుల వంతు. కోవిడ్ రోజుల్లో మనందరి నోళ్లలో నానిన హైడ్రాక్సీ క్లోరోక్విన్‌ను కీమోతోనూ, ఇతర క్యాన్సర్ మందులతోనూ కలిపి ఇచ్చి చూశారు. 2014లో అలాంటి పలు ట్రయల్స్ ఫలితాలు ఒకేసారి వచ్చాయి. లింఫోమా వచ్చిన పెంపుడు కుక్కల మీద చేసిన ట్రయల్ కూడా వాటిలో ఉంది. కొందరిలో వ్యాధి కొన్నాళ్లు పెరగకుండా నిలిచింది. మెదడు క్యాన్సర్ రోగుల ట్రయల్‌లో మాత్రం ఆయుష్షు చెప్పుకోదగ్గంత పెరగలేదు.

ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న 112 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. కీమోతో పాటు ఈ మాత్ర తీసుకున్నవారిలో నూటికి 38 మందికి కణితి తగ్గింది. కీమో మాత్రమే తీసుకున్నవారిలో 21 మందికే తగ్గింది. అయినా ఏడాది తర్వాత బతికి ఉన్నవారి సంఖ్య ఈ మాత్ర వల్ల పెరగలేదు. అందుకే అమరవాది బృందం ఇంతకంటే గట్టిగా పనిచేసే మందుల కోసం వెతుకుతోంది. 2012లో లిస్05, 2017లో డీక్యూ661 అనే రసాయనాలను పరిచయం చేసింది. ఈ మందులు కణంలో పట్టుకునేది పీపీటీ1 అనే ఎంజైమును అని కూడా గుర్తించింది.

గమనించారా? ఈ ట్రయల్స్‌లో డాక్టర్లు చేసింది ఆటోఫజీని పెంచడం కాదు, ఆపడం. ఫోన్‌లో వచ్చిన సలహా సరిగ్గా దీనికి ఎదురు దిక్కున ఉంది. కీమో రోజుల్లో కొద్దిసేపటి ఉపవాసం పనికొస్తుందేమో అని పరిశీలిస్తున్న డాక్టర్లూ ఉన్నారు. అయితే అది వైద్యుల కళ్లెదుట, రోగి బరువు చూసుకుంటూ జరిగే పరిశోధన. ఇంట్లో చేసి చూసే చిట్కా కాదు.

మన ఇంట్లో ఏం చేయాలి?

తిండి మాన్పించకండి. క్యాన్సర్‌లో బరువు, కండ తగ్గడమే పెద్ద ముప్పు. నీరసించిన మనిషికి కీమో మోతాదు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా వేయాల్సి రావచ్చు. వాయిదా పడితే కలిసొచ్చేది జబ్బుకే. నోటికి సహించేది కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. మెత్తటి జొన్న గటక, పప్పు, బాగా ఉడికించిన గుడ్డు, పెరుగన్నం, ఏది తినగలిగితే అది. షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే ఏం పెట్టాలో డాక్టర్‌ను అడగండి.

ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు మీ నమ్మకం. చికిత్స నడుస్తున్నప్పుడు మాత్రం ముందు డాక్టర్‌ను అడగండి. కొన్ని మాత్రలు తిన్నాకే వేసుకోవాలి.

ఈ వ్యాసం చదివి హైడ్రాక్సీ క్లోరోక్విన్ కొనకండి. అది కంటి రెటీనాను దెబ్బతీయగలదు, గుండె లయను తప్పించగలదు. క్యాన్సర్‌కు అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

కీమో తేదీ తప్పనివ్వకండి. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాదాపు వంద కిలోమీటర్లు. చికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకోండి. సందేహాలన్నీ కాగితం మీద రాసుకెళ్లండి. ఉపవాసం గురించిన ప్రశ్న కూడా అందులో రాయండి. అడగడంలో తప్పు లేదు, అడగకుండా చేయడమే తప్పు.

ఆరోగ్యంగా ఉన్నవారు క్యాన్సర్ రాకుండా చూసుకోవాలంటే ఖచ్చితంగా తెలిసిన దారులు వేరే ఉన్నాయి. పొగాకు, గుట్కా, మద్యం మానడం, ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించడం, రొమ్ములో గడ్డ గానీ నోట్లో మానని పుండు గానీ కనిపిస్తే ఆలస్యం చేయకపోవడం.

ఇక ఆ మెసేజ్ పంపిన బంధువు మీద కోపం వద్దు. ఆయన అత్తయ్య బతకాలనే కోరుకున్నాడు. ఫోన్ చేసి, వచ్చే కీమో రోజున తోడుగా బస్సెక్కమని అడగండి. వచ్చేటప్పుడు ఆమెకు ఇష్టమైనదేదైనా వండించి, డబ్బాలో పెట్టి తెమ్మనండి.