గాల్లో అరగంటే... ఎగిరేదెలా?

కర్నూలు నుంచి కడపకు పక్షిలా ఎగిరి వెళ్తే ఎంత దూరం? ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి కడప విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే దాదాపు 150 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఏటీఆర్ విమానానికి 18 నిమిషాల దారి. పైకి లేవడం, కిందికి దిగడం కలిపితే ఓ అరగంట!

అయితే ఇదంతా కాగితం మీది లెక్కే. కడప నుంచి 2015లో, ఓర్వకల్లు నుంచి 2021లో ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. అవి ఎగిరింది మాత్రం బెంగళూరు, చెన్నై లాంటి నగరాలకే. ఇంత దగ్గరి ఊళ్లకు విమానం గిట్టుబాటు కాదు మరి. పైకి లేచేటప్పుడే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. పైగా ప్రయాణికుడు గంట ముందే వెళ్లి కూర్చోవాలి. ఓర్వకల్లు ఉన్నదే కడపకు వెళ్లే హైవేలో. ఆ గంటలో కారు నంద్యాల చేరిపోతుంది!

ఈ రెండు ఊళ్లనూ కలపాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1860ల్లోనే ఓ బ్రిటిష్ కంపెనీ కర్నూలు-కడప కాలువ తవ్వింది, సాగుతోపాటు పడవలు కూడా నడపాలని. పడవలు ఏనాడో పోయాయి. నీళ్లు మిగిలాయి. కరవు సీమకు కావలసినవీ అవేగా!