మారుమనస్సా, సాకులా? లైంగిక నేరస్థుల వక్ర ఆలోచనలు - చికిత్స

అమ్నోను తామారును బలాత్కరించిన తరువాత ఆమెను వెలుపలికి గెంటించి తలుపు గడియ వేయించాడని రెండవ సమూయేలు 13వ అధ్యాయములో చదువుతాము. నేరము తనది, ద్వేషము ఆమెపైన! లైంగిక నేరస్థులతో పనిచేసే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ మనసు తీరును బాగా ఎరుగుదురు.

ఆలోచనలలోని వక్రతను గూర్చి ఆరన్ బెక్ 1960వ దశకములో మానసిక కుంగుబాటు సందర్భములో వ్రాశాడు. పిల్లలపై లైంగిక నేరములు చేసినవారికి ఆ భావనను 1984లో జీన్ ఏబెల్, ఆయన సహచరులు అన్వయించారు. "బిడ్డ వద్దనలేదు గనుక ఇష్టమే", "దెబ్బ తగలలేదు గనుక హాని లేదు" వంటి మాటలు వీటికి ఉదాహరణలు. 1999లో టోనీ వార్డ్, థామస్ కీనన్ వీటి వెనుక ఐదు లోతైన నమ్మకములను గుర్తించారు: పిల్లలకు కూడా లైంగిక వాంఛ ఉన్నదనుట, కోరినది పొందే హక్కు తనకున్నదనుట, లోకమంతా ప్రమాదకరమనుట, జరిగినది తన అదుపులో లేదనుట, దీనివలన పెద్ద హాని లేదనుట.

నాలుగవ దానియొద్ద మనము కొంచెము ఆగవలెను. మన సంఘములలో అది భక్తి భాషలోనే వినబడుతుంది. "సాతాను నన్ను పడవేశాడయ్యగారూ" అని కన్నీళ్ళతో చెప్పినప్పుడు కాపరి మనసు కరుగుతుంది, ప్రార్థన చేస్తాడు. కాని ఆ వాక్యములో "నేను చేశాను" అన్నది ఎక్కడున్నది? ఏదెనులో ఆదాము కూడా స్త్రీని, ఆమెను ఇచ్చిన దేవుని చూపించాడే గాని తన చేతిని చూపించలేదు. శోధన సత్యమే. అయితే ఆ బిడ్డ ఒంటరిగా ఉండే వేళను ముందుగా కనిపెట్టి, మిఠాయి కొనిపెట్టి, "ఎవరికీ చెప్పకు" అని హెచ్చరించినవాడు అదుపు తప్పినవాడు కాడు.

అలాగైతే చికిత్సలో మొదట చేయవలసినది అతని సాకులను బద్దలుకొట్టి నేరమంతా ఒప్పించుటేనా? చాలాకాలము అట్లే తలంచారు. నాకును అది సహజముగానే తోచింది. కాని 2005లో హాన్సన్, మోర్టన్-బూర్గాన్ 82 అధ్యయనములను కలిపి పరిశీలించగా, నేరమును నిరాకరించుటకు, మరల నేరము చేయుటకు చెప్పుకోదగిన సంబంధము కనబడలేదు. లైంగిక నేరమును సమర్థించే దృక్పథములకు మాత్రము కొద్దిపాటి సంబంధము కనబడింది. తప్పు బయటపడిన తరువాత సిగ్గుతో సాకు చెప్పుట మానవ సహజమేనని, దానిని నేరమునకు కారణమైన నమ్మకముతో కలపరాదని 2006లో మరూనా, మాన్ వాదించారు. ఇంగ్లాండు, వేల్సు చెరసాలలలో నడిచిన ప్రధాన చికిత్సా కార్యక్రమముపై 2017లో వెలువడిన ప్రభుత్వ నివేదిక ఇంకను కలవరపరచింది. చికిత్స పొందినవారిలో 10 శాతము, పొందనివారిలో 8 శాతము మరల లైంగిక నేరము చేశారు. ఆ కార్యక్రమమును మాని వేరే పద్ధతులు చేపట్టారు.

కాబట్టి వక్ర ఆలోచనను సరిదిద్దుటతోపాటు ఒంటరితనము, కోరికల అదుపు, పని, స్నేహములు కూడా చికిత్సలోనికి రావలెను. 1994లో కెనడాలోని హామిల్టన్‌లో హారీ నై అనే మెన్నోనైట్ కాపరి, చెరనుండి విడుదలైన ఒక నేరస్థుని చుట్టూ సంఘస్థులతో ఒక చిన్న గుంపును కూర్చాడు. వారు అతనికి స్నేహితులు, కావలివారు కూడా. అనేక దేశములకు వ్యాపించిన "సహాయ, జవాబుదారీ వలయములు" అక్కడనుండే మొదలయ్యాయి.

మన దేశములో ఇట్టి మాట చెవిన పడిన కాపరికి మొదటి పని వేరు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి 21వ సెక్షను క్రింద శిక్ష ఉన్నది. పాపపు ఒప్పుకోలు విన్న సేవకునికి ఆ సెక్షనులో మినహాయింపు లేదు. "క్షమాపణ అడుగుతాను" అని అతడు బిడ్డ ఇంటికి వెళ్ళబోయినను ఆపవలెను. ఆ పలకరింపు కూడా బిడ్డ నోరు మూయించగలదు. ఎంత కన్నీరు కార్చినను, ఎంత పాత విశ్వాసియైనను, సండేస్కూలు తాళపు చెవి మరల అతని చేతికి ఇవ్వరాదు.