రోడ్‌స్టరు కారునకు అద్దపు కిటికీలు

రోడ్‌స్టరు అనగా ఇద్దరు కూర్చుండుటకు తగిన తెరపిబండి. దానికి స్థిరమైన పైకప్పు ఉండదు; ప్రక్కల కిటికీలును ఉండవు. వాన వచ్చినప్పుడు గుడ్డకప్పు లాగుకొని, ప్రక్కలకు ప్లాస్టికు కుట్టిన తెరలు తగిలించుకొందురు. విడిభాగములను పెట్టెలలో తెప్పించి ఇంటివద్ద స్వయముగా బిగించుకొను రోడ్‌స్టర్లలో చాలవాటికి నేటికిని ఇదియే ఏర్పాటు. అట్టి బండికి హ్యాండిలు త్రిప్పిన దిగి, మరల త్రిప్పిన ఎక్కు అద్దములను అమర్చవచ్చునా, అమర్చినచో ఏమేమి చూచుకొనవలెను అని శ్రోతలు కొందరు మా కేంద్రమునకు వ్రాసినారు. యంత్రములయందు అభిరుచిగల పడుచువారు మన పట్టణములలో పెరుగుచుండుటకు ఇది గుర్తు. సంతోషముతో సమాధానము చెప్పుచున్నాము.

చల్లని దేశములలో ఇది సుఖమునకు సంబంధించిన ప్రశ్న. అనంతపురము పీఠభూమిమీద కంటికిని గొంతుకును సంబంధించిన ప్రశ్న. ఇచ్చట ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించుటచేతను, తూర్పుతీరము దూరమగుటచేతను రెండు ఋతుపవనములును ఈ నేలకు కొసరుకొసరుగనే వడ్డించును. గాలికి మాత్రము కరవు లేదు. ఆషాఢ శ్రావణములలో వీచు పడమటిగాలిని నమ్మియే రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపినారు. కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో వేదవతి ఒడ్డు ఇసుకను పొలములమీదికి తోలి దిబ్బలు పెట్టుచున్నదియు ఆ గాలియే. వేరుసెనగకు దున్ని వదలిన ఎర్రనేలమీద దుమ్ము లేచిన దినమున, ప్రక్కలు లేని బండిని నడపువాడు ఒక చేతితో చక్రమును, మరియొక చేతితో కండ్లను పట్టుకొనవలసి వచ్చును. ఎదుటినుండి లారీ వచ్చుచున్న క్షణమున ఇది ప్రాణముమీది సంగతి.

ప్లాస్టికు తెరలు చాలవా అని అడుగవచ్చును. కొన్నాళ్లు చాలును. మన ఎండకు అవి త్వరలోనే పసుపుబారి, మడత పడినచోట పగులును. దుమ్మును గుడ్డతో తుడిచినకొలది గీతలు పడును. తుదకు ప్రక్కదారినుండి వచ్చు సైకిలు కానరాదు.

ఈ మార్పు మనకే తట్టినదికాదు. ఇంగ్లండులోని పెద్ద సంస్థలే చాలకాలము తెరలతో కాలము గడిపినవి. జాగ్వారు సంస్థవారి ఎక్స్‌కే 120 రోడ్‌స్టరు 1948లో తెరలతోనే వెలువడినది. త్రిప్పుడు అద్దములుగల తెరపి రూపము 1953లో వచ్చినది. ట్రయంఫు టీఆర్4 బండికి 1961లోను, ఎమ్‌జీబీకి 1962లోను, చిన్నదైన ఎమ్‌జీ మిడ్జెటుకు 1964లోను అద్దములు వచ్చినవి. అంతకుముందటి నమూనాలకు తెరలే గతి. కాలిన్ చాప్‌మన్ 1957లో అమ్మకమునకు పెట్టిన లోటస్ సెవెన్ మరియొక త్రోవ పట్టినది. దానిని పెట్టెలలో కొని ఎవరికివారు బిగించుకొన్నచో ఆనాటి కొనుగోలు పన్ను తప్పెడిది. కావుననే దానికి అంత గిరాకి. తేలికదనమే దాని వ్రతము. దానికి తలుపులే లేవన్నను తప్పులేదు. ఇక అద్దము దిగుటకు చోటెక్కడ? మన దేశములో చింకారా మోటార్స్ అను చిన్న సంస్థ ఫైబర్‌గ్లాసు శరీరముతో తయారుచేసిన రోడ్‌స్టరుకూడ ఈ సెవెన్ పోలికదే.

మన పల్లెలకు పరిచయమైన తెరపిబండి మాత్రము జీపు. విల్లీస్ జీపు భాగములను తెప్పించి మహీంద్రావారు 1940ల చివర బొంబాయిలో కూర్చుట మొదలుపెట్టినారు. ఆ జీపునకు ప్రక్కల టార్పాలినే దిక్కు. దాని సంతతియగు థార్ 2010లో వచ్చినప్పుడును గుడ్డకప్పుతోను ప్లాస్టికు కిటికీలతోనే వచ్చినది. ఎత్తి దింపు అద్దములు 2020నాటి క్రొత్త థారుతో గాని రాలేదు. ఈలోగా ఎందరో యజమానులు రేకుకప్పు కట్టించి, జరుపుడు అద్దములు బిగించుకొన్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచివద్ద 2019లో కియావారి కర్మాగారము ఉత్పత్తి ఆరంభించినది. ఏటికి 3 లక్షల కార్లు చేయగల శక్తి దానిది. మీట నొక్కినంతనే అద్దము లేచు బండ్లు మన కరవుసీమనుండియే ఎగుమతి అగుచున్నవి. ఆ మీటవెనుకనున్న సూత్రమును, మన హ్యాండిలువెనుకనున్న సూత్రమును ఇంచుమించు ఒక్కటే.

తలుపు లోపలి అట్ట విప్పి చూచినచో ఆ సూత్రము తెలియును. హ్యాండిలు ఇరుసుకు ఒక చిన్న పండ్లచక్రము ఉండును. అది విసనకఱ్ఱ ఆకారముగల పెద్ద పండ్లపలకను త్రిప్పును. ఆ పలకకు ఒక ఇనుపచేయి అతికియుండును. చేతి కొనయందలి చిన్న రోలరు, అద్దము అడుగున తొడిగిన గాడిలో జరుగుచు అద్దమును ఎత్తును. ఈ సరంజామాను రెగ్యులేటరు అందురు. షెడ్డులో మిషను అన్నను తెలియును.

ఒక లెక్క వేసి చూతము. ఇనుపచేయి పొడవు 25 సెంటీమీటర్లు అనుకొందము. అది సమతలమునకు 45 డిగ్రీలు క్రిందనుండి 45 డిగ్రీలు పైకి తిరిగినచో దాని కొన 35 సెంటీమీటర్లు లేచును. రోడ్‌స్టరు కిటికీకి అది చాలును. ఆ తిరుగుటలో కొన ముందువెనుకలకుకూడ 7 సెంటీమీటర్లు జరుగును. అందుకే గాడియు రోలరును కావలసివచ్చినవి. చిన్నచక్రమునకు 10 పండ్లు, పెద్దపలక నిండుచక్రమైనచో దానికి 150 పండ్లు అని పెట్టుకొనిన, నిష్పత్తి పదునైదింతలు. పలక పావుచుట్టు తిరుగుటకు హ్యాండిలు మూడుముప్పాతిక చుట్లు తిరుగవలెను. 60 సెంటీమీటర్ల వెడల్పు, 42 సెంటీమీటర్ల ఎత్తు, 4 మిల్లీమీటర్ల మందముగల అద్దము తూగునది రెండున్నర కిలోలు. అది ఇనుపచేయి కొనమీద వ్రేలాడినను, 10 సెంటీమీటర్ల హ్యాండిలు పట్టుకొన్న చేతికి తగులు బరువు అరకిలోకూడ కాదు. కాబట్టి హ్యాండిలు గట్టిగానున్నదని బరువును నిందింపరాదు. ఆ కష్టమంతయు రాపిడిదే. రాపిడి వచ్చుట గాడులు సరిగా నిలుపకపోవుటచేతనే.

హ్యాండిలు వదలిన తోడనే అద్దము ఎందుకు జారిపడదు? ఇరుసువద్ద ఒక గిన్నెలో బిగువైన చుట్టస్ప్రింగు దాగియుండును. హ్యాండిలు త్రిప్పినప్పుడు స్ప్రింగు ముడుచుకొని గిన్నెను వదలును. అద్దము బరువు వెనుకనుండి త్రోసినప్పుడు అదే స్ప్రింగు విచ్చుకొని గిన్నెను గట్టిగా పట్టుకొనును. ఎంత బరువు త్రోసిన అంత పట్టు! మాకు ఈ యంత్రమంతటిలోను ముచ్చట గొలుపునది ఈ చిన్న స్ప్రింగే. పాతసామానుల అంగడిలో రెగ్యులేటరు కొనువారు మొదట దీనిని పరీక్షింపవలెను. ఇనుపచేతిని పట్టుకొని క్రిందికి నొక్కినప్పుడు చక్రము తిరిగినచో, ఆ వస్తువును అచ్చటనే వదలి రావలెను. అది వేసుకొన్న బండిలో గతుకుగతుకునకు అద్దము దిగుచుండును. తలుపుమీద వేళ్లుంచిన పిల్లవానికి అది ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

ఇక అసలు చిక్కు రోడ్‌స్టరు రూపములోనే ఉన్నది. సామాన్యమైన కారులో అద్దముచుట్టు చట్రము ఉండును. రోడ్‌స్టరు అద్దమునకు పైన చట్రము లేదు. పూర్తిగా ఎత్తిన తరువాత దానిని పట్టుకొనియుండునది తలుపు లోపల మిగిలిన అంచు మాత్రమే. కావున కనబడు ఎత్తు 32 సెంటీమీటర్లు కావలెనన్నచో, లోపల పట్టునకు మరి పది సెంటీమీటర్లు కలిపి 42 సెంటీమీటర్ల అద్దము చేయింపవలెను. అది పూర్తిగా దిగుటకు తలుపులో అంతకంటె ఎక్కువ లోతు ఉండవలెను. చాలమంది మొదట అద్దము చేయించి, పిమ్మట తలుపు కొలుతురు. ముందుగా కొలువవలసినది తలుపు. లోతు చాలనిచో, లేదా వెనుకచక్రము గూడు తలుపులోనికి చొచ్చుకొని వచ్చినచో, ఆశ వదలుకొని జరుపుడు అద్దమునకు పోవుట మేలు. అందులో చిన్నతనము లేదు.

సొరుగును ఒక మూల పట్టి లాగినచో అడ్డముపడి బిగిసికొనుట అందరికిని తెలిసినదే. రోడ్‌స్టరు అద్దము పొట్టిది, వెడల్పైనది. అచ్చముగా అట్టి సొరుగువంటిది. ఒంటిచేతి రెగ్యులేటరు దానిని ఒక ప్రక్కకు ఒరగించును. కత్తెరవలె రెండు చేతులుగల దానిని, లేదా రెండుచోట్ల పట్టి ఎత్తు తీగ రెగ్యులేటరును ఎన్నుకొనవలెను. ముందువెనుకల గాడులు రెండును నిటారుగా ఉండుట ముఖ్యము కాదు. కారు ప్రక్కభాగము లోపలికి వాలినచో అవియు వాలవచ్చును. ఒకదానికొకటి సమాంతరముగా ఉండుట, రెండును ఒకే తలములో ఉండుట ముఖ్యము. వంపు అద్దమైనచో గాడులుకూడ అదే వలయములోని ముక్కలు కావలెను. ఇంటివద్ద అది దుస్సాధ్యము. కనుక క్రొత్తవారు చదునైన అద్దమునే పట్టుకొనవలెను. ముందుభాగమున చిన్న ముక్కోణపు గాలికిటికీ ఒకటి నిలిపి, దాని కమ్మినే గాడిగా వాడుకొన్నచో అద్దమునకు పైదాక ఊత దొరకును. పాత అంబాసిడరు ముందుతలుపులో ఈ పొందిక స్పష్టముగా చూడవచ్చును. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినను దాని తలుపులు పాతసామానులలో ఇంకను కానవచ్చును. చదునైన అద్దము, గాడి, రెగ్యులేటరు ఒకదానికొకటి పొందినవి. ఒక్కొక్కటి ఒక్కొక్క బండినుండి ఏరి తెచ్చుటకంటె ఒకే తలుపునుండి తీయుట తెలివి.

అయితే ఆ పాత అద్దమును కోసి పొట్టిగా చేయుదమని ఎవ్వరును తలంపరాదు. కారు ప్రక్క అద్దము గట్టిపరచిన అద్దము. దానిని 600 డిగ్రీలకు మించి కాచి, చల్లగాలితో ఒక్కసారిగా ఆర్చుదురు. పైపొర బిగుసుకొని, లోపలిపొర దానిని లాగుచుండును. ఆ బిగువే దాని బలము. ఒక్కచోట వజ్రపుములికితో గాటుపెట్టి లోనికి దింపినచో మొత్తము గులకరాళ్లవలె రాలిపోవును. ప్రమాదములో ముఖము కోసికొనకుండ కాపాడునదియు ఆ గుణమే. కావున ముందు అట్టతోను, పిదప 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతోను నమూనా కోసి, దానినే తలుపులో పదిమారులు ఎత్తి దింపి, తృప్తి కలిగిన తరువాత ఆ కొలతకు అద్దము కోయించి, రంధ్రములుకూడ తొలిపించి, ఆపైన గట్టిపరపించవలెను. కిటికీలకు వేయు మామూలు అద్దము చౌకయని కారునకు వేయుట కత్తులు బిగించుకొనుటయే.

ఫైబర్‌గ్లాసు తలుపు రెండున్నర కిలోల అద్దమును, దానికి తోడు రెగ్యులేటరు ఇనుమును మోయునట్లు చేసినదికాదు. కీళ్లనుండి తాళమువరకు లోపల ఇనుపగొట్టముతో చట్రము వెల్డు చేయించి, రెగ్యులేటరును ఆ చట్రమునకే బిగించవలెను. పలుచని పొరకు బోల్టు వేసినచో కొన్ని వారములలో రంధ్రము సాగి తలుపు వ్రాలును.

గ్రీజు విషయములో మన సీమకు ఒక ప్రత్యేకధర్మము కలదు. పండ్లచక్రములకు కొంచెము గ్రీజు సరియే. అద్దము జారు గాడులకు మాత్రము పూయరాదు. ఎర్రదుమ్ము గ్రీజులో కలిసినచో సానపట్టు మందగును. గాడిలో మెత్తని ఫెల్టు పట్టీ వేసి, పొడి గ్రాఫైటు చల్లిన చాలును. తలుపు అడుగున నీరు పోవు రంధ్రములు విడువవలెను. మనకు వాన తక్కువే, కాని పడిన నాలుగునాళ్లును కుండపోతగా పడును. రంధ్రము లేని తలుపులో నీరు నెలలతరబడి నిలిచి ఇనుమును తినివేయును.

అద్దములు బిగిసిన తరువాత ఒక క్రొత్త అపాయము పుట్టును. తెరపిబండికి ఎండ తగిలినను గాలి ఆడును. నాలుగు ప్రక్కలు మూసిన బండి మన వైశాఖపు టెండలో కొద్దిసేపటికే పొయ్యివలె కాగును. అంగడికి పోయివత్తునని పిల్లలను మూసిన కారులో వదలుట ఎన్నడును కూడదు. హ్యాండిలు లోపలినుండి సులభముగా తిరుగవలెను. బండి బోర్లపడిన సమయమున అదియే బయటికి త్రోవ కావచ్చును.

చట్టముమాటయు ఒకటి కలదు. 1988నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. కావున పని ఆరంభించుటకు ముందే రవాణా కార్యాలయమునకు పోయి విచారించుట మంచిది. ప్రక్క అద్దము కనీసము నూటికి 50 వంతుల వెలుగును లోపలికి విడువవలెను. ఎండకని నల్లఫిలిము అంటించుటను 2012లోనే సుప్రీముకోర్టు నిషేధించినది.

తుదిపరీక్షకు ఖర్చు లేదు. రాత్రివేళ బండిలో టార్చిలైటు వెలిగించి, అద్దములు ఎత్తి, బయట చుట్టి చూడవలెను. వెలుగు చిమ్ముచోటునుండియే రేపు దుమ్మును వచ్చును. గుడ్డకప్పునకును అద్దమునకును నడుమనున్న రబ్బరు బీడింగులో పలుచని కాగితము పెట్టి లాగినచో, అది కొంచెము పట్టుపట్టి రావలెను. ఊరక వచ్చినచోట బీడింగు చాలలేదు. బండి వేగముగా పోవునప్పుడు గాలి అద్దమును బయటికి లాగును గనుక, ఆ పట్టు కొంత ఎక్కువగా ఉండుటయే మేలు. క్రొత్త రబ్బరు మొదటి వేసవికి అణగును. గాడులను మరల కొంచెము జరుపవలసివచ్చును. అందుచేత తలుపు లోపలి అట్టను జిగురుతో అంటింపక, స్క్రూలతోనే బిగించి ఉంచవలెను.